పేరుపలక ఒకటే, పనులు వేరు: టోల్ ప్లాజా మేనేజర్ పదవికి ఒప్పుకునే ముందు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్ ప్లాజా తెలియనివాళ్లు తక్కువ. సంక్రాంతికి ఊళ్లకు బయలుదేరిన కార్ల బారులను ఏటా టీవీలో చూపించేది అక్కడి నుంచే. 2024 జులై 1న ఆ గేటు దగ్గర కంటికి కనిపించే మార్పేమీ జరగలేదు. అవే లేన్లు, అదే పైకప్పు, అదే కంట్రోల్ రూము. మారింది వాటి వెనకున్న ఒప్పందం. ఆ 181 కిలోమీటర్ల రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించి, నడిపి, రుసుము వసూలు చేసుకుంటూ వచ్చిన జీఎంఆర్ సంస్థ తప్పుకుంది. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌హెచ్‌ఏఐ, ఏజెన్సీల చేత వసూలు మొదలుపెట్టింది. జూన్ 30 రాత్రి మేనేజర్ గదిలో జరిగిన పనీ, జులై 1 ఉదయం అదే గదిలో మొదలైన పనీ ఒకటి కావు. బల్ల మీది పేరుపలక మాత్రం రెండు రోజులూ ప్లాజా మేనేజర్ అనే చెబుతుంది.

ఆ పేరుపలక వెనక కూర్చోబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. లేన్‌లో రుసుము తీసుకునే టోల్ కలెక్టరుగా చేరి షిఫ్ట్ ఇన్‌ఛార్జి దాకా ఎదిగి, ఇప్పుడు రెండు మూడు చోట్ల నుంచి పిలుపు అందుకున్నవారు మీలో ఉంటారు. సైన్యంలోనో పోలీసు శాఖలోనో పదవీ విరమణ చేసి రెండో ఉద్యోగం చూస్తున్నవారు, సివిల్ ఇంజినీరింగు చదివి రహదారుల కంపెనీలో కుదురుకున్నవారు ఉంటారు. పిలుపులు రాగానే చాలామంది జీతాల అంకెలను పక్కపక్కన రాసుకుంటారు. జీతం చూడాల్సిందే, అయితే దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రేపు ఈ రోడ్డు మీద వాహనాలు తగ్గితే నష్టం ఎవరిది? మీ రాత్రులు ఎలా గడుస్తాయో, మీ మాట ఎంతవరకు చెల్లుతుందో, మూడేళ్ల తర్వాత ఈ ఉద్యోగం ఉంటుందో లేదో ఆ జవాబును బట్టే తేలుతుంది.

## ముందు కొలతలు ఏమిటి

పెద్ద ప్లాజా అంటే రెండు వైపులా లేన్లు, మూడు షిఫ్టులు, ఏడాదిలో ఒక్క గంట కూడా మూత పడని కార్యాలయం. కలెక్టర్లు, లేన్ సహాయకులు, షిఫ్ట్ ఇన్‌ఛార్జులు, కంట్రోల్ రూములో కెమెరాలు చూసేవాళ్లు, లెక్కలు సరిచూసేవాళ్లు, జనరేటరు మెకానిక్కు, కాపలా సిబ్బంది అందరూ మేనేజర్ కిందే. చాలాచోట్ల అంబులెన్సు, క్రేను, గస్తీ వాహనం కూడా ఆయన చెప్పినట్టే కదులుతాయి. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను వచ్చిందంటే ఎక్కడో ఒక మనిషి రోడ్డు పక్కన రక్తంతో పడి ఉన్నాడని అర్థం కావచ్చు. ఈ బాధ్యత ఏ ఒప్పందం కిందైనా ఒకటే కాబట్టి దాన్ని పోలికలో పెట్టడం లేదు. పోలికలో పెట్టాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది నష్టం ఎవరిదన్న ప్రశ్న. దాని గురించి ప్రతి ఎంపిక దగ్గరా మాట్లాడుకుందాం.

రెండోది గడువు. ఒప్పందంలో ఇంకా ఎన్ని నెలలు, ఎన్ని ఏళ్లు మిగిలి ఉన్నాయి?

మూడోది చేతిలో ఉన్న అధికారం. ఇది కాగితం మీద కనిపించదు, పనిలోకి దిగాకే తెలుస్తుంది. ఒక లెక్క చూడండి. ఒక్కో వాహనానికి 10 సెకన్లకు మించి పట్టకూడదని ఎన్‌హెచ్‌ఏఐ 2021 మేలో ప్రమాణం పెట్టింది. ఆ వేగంతో ఒక లేన్ గంటకు 360 వాహనాలను దాటిస్తుంది. పది లేన్లలో రెండింటి ఫాస్టాగ్ రీడర్లు మొరాయించి వాహనానికి 30 సెకన్లు పడితే, ఆ రెండు లేన్ల దగ్గరే గంటకు 480 వాహనాలు వెనకబడతాయి. ఇక బారు పెరగడం, హారన్లు, బూతులు అన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. పైగా ప్రయాణికుడి ఫాస్టాగ్ సరిగా ఉండి, మీ యంత్రమే చదవలేకపోతే, ఆ వాహనాన్ని సున్నా రుసుము రసీదు ఇచ్చి ఉచితంగా పంపాలని 2018లోనే నిబంధన వచ్చింది. కాబట్టి పాడైన రీడరును ఆ రాత్రే మార్పించగల అధికారం మీకుందా, లేక పై ఆఫీసు అనుమతి కోసం మూడు రోజులు మెయిళ్లు పెట్టాలా అన్నది డబ్బుకు సంబంధించిన విషయం. ముఖాముఖిలో ఈ ప్రశ్నను సూటిగా అడగండి.

నాలుగోది, తప్పు జరిగినప్పుడు మెడకు చుట్టుకునేది ఎవరికి. 2025 ఆగస్టులో మేరఠ్–కర్నాల్ రహదారి మీద భూనీ టోల్ ప్లాజాలో సిబ్బంది ఒక సైనికుడిని కొట్టారు. ఎన్‌హెచ్‌ఏఐ ఆ ఏజెన్సీకి 20 లక్షల రూపాయల జరిమానా వేసి, ఒప్పందం రద్దు చేసింది. లేన్‌లో నలుగురు మనుషులు నిమిషం పాటు నిగ్రహం కోల్పోతే మొత్తం ప్లాజా ఉద్యోగాలు పోతాయని అందరికీ తెలిసొచ్చిన సంఘటన అది. ఘర్షణ వచ్చినప్పుడు ప్లాజా మేనేజరో లేన్ సూపర్‌వైజరో మాత్రమే వెళ్లి మాట్లాడాలని, వారి ఒంటి మీద కెమెరా ఉండాలని 2023లో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే కోపంతో ఊగిపోతున్న మనిషి ఎదురుగా నిలబడాల్సింది మీరే.

ఐదోది ఇల్లు. ఆరోది గేట్లే లేని రోజు వస్తే మీ అనుభవం ఏ పనికి వస్తుందన్నది. దీన్ని చివర్లో చూద్దాం.

## ఏజెన్సీ కింద మేనేజర్

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపించే పిలుపు ఇదే. రోడ్డు ప్రభుత్వానిది, వసూలు మాత్రం టెండరులో గెలిచిన ఏజెన్సీది. ఏజెన్సీ తాను ఎన్‌హెచ్‌ఏఐకి ఎంత కడతానో ముందే చెప్పి పాట గెలుస్తుంది. ఒప్పందం సాధారణంగా ఏడాది. కొత్త టెండరు ఖరారయ్యేలోగా మూడు నెలల తాత్కాలిక ఒప్పందాలు కూడా ఉంటాయి.

ఉదాహరణకు మీ ఏజెన్సీ రోజుకు 20 లక్షలు కడతానని ఒప్పుకుందనుకుందాం. వసూలు 21 లక్షలైతే మిగిలినది దానిదే. 19 లక్షలే అయితే రోజుకు లక్ష చొప్పున 90 రోజుల్లో 90 లక్షలు దాని చేతినుంచి పోతాయి. ఈ లెక్క యజమాని మనసులో పొద్దున లేచిన దగ్గరనుంచి తిరుగుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడి నేరుగా మీ ఫోనులోకి వస్తుంది. నిన్నటి వసూలు ఎంత, మొన్నటికంటే ఎందుకు తగ్గింది, మినహాయింపు కింద పోయిన వాహనాలు ఇన్నెందుకు? ఉదయం ఎనిమిదింటి షిఫ్ట్ మారేలోపు జవాబు సిద్ధంగా ఉండాలి.

ఈ ఒత్తిడిలో మంచి కూడా ఉంది. ఏజెన్సీ మేనేజరు నేర్చుకున్నంత వేగంగా పనిని ఇంకెవరూ నేర్చుకోలేరు. యజమాని పక్కనే ఉంటాడు. నిర్ణయాలు గంటల్లో జరుగుతాయి. మనుషులను తీసుకోవడం, మార్చడం చాలావరకు మీ చేతుల్లోనే ఉంటుంది. సమర్థుడైన షిఫ్ట్ ఇన్‌ఛార్జి పదేళ్లు ఆగకుండా మేనేజరయ్యే దారి ఇదొక్కటే అని నా అభిప్రాయం.

అయితే ఒక్క హెచ్చరిక, మిగతా అన్నింటికంటే గట్టిగా చెబుతున్నాను. 2025 జనవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళం మీర్జాపూర్ జిల్లాలోని ఒక టోల్ ప్లాజాలో దొంగ సాఫ్ట్‌వేర్‌ను పట్టుకుంది. ఫాస్టాగ్ లేని వాహనాల దగ్గర తీసుకున్న డబ్బు అసలు ఖాతాలోకి రాకుండా వేరే కంప్యూటరు రసీదులిచ్చేది. ఆ కేసు తర్వాత మార్చిలో ఎన్‌హెచ్‌ఏఐ 14 ఏజెన్సీలను రెండేళ్లపాటు టెండర్లనుంచి నిషేధించింది. వాటి హామీ సొమ్ము వంద కోట్లకు పైగా జప్తయింది. ఇలాంటి యంత్రం పెట్టమని ఎవరూ నియామక పత్రంలో రాయరు. ఎప్పుడో ఒక రాత్రి, కంట్రోల్ రూములో ఎవరో కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి పెడతారు. అదేమిటని అడిగితే, మీకెందుకు, పైవాళ్లకు తెలుసు అంటారు. ఆ క్షణంలో మీరు చేయగలిగినవి రెండే. రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి బయటికి నడవడం, లేదా రేపటి కేసులో పేరు చేర్చుకోవడం. చేతిలో మూడు నెలల ఇంటి ఖర్చు లేకుండా కొత్త ఏజెన్సీలో చేరవద్దని నేను చెప్పేది అందుకే. బయటికి నడిచే స్తోమత ఉన్నవాడే నిజాయితీగా ఉండగలడు.

స్థానిక ఒత్తిడి కూడా ఇక్కడే ఎక్కువ. 2008 నాటి రుసుము నిబంధనల్లో ఎవరికి మినహాయింపు ఉందో స్పష్టంగా రాసి ఉంది. రాష్ట్రపతి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు, తమ రాష్ట్రంలో గుర్తింపు కార్డు చూపించే శాసనసభ్యులు, పరమవీర చక్ర వంటి శౌర్య పతకాలు పొందినవారు, అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాలు, శవవాహనాలు. సర్పంచులు, జడ్పీటీసీ సభ్యులు, పాత్రికేయులు ఆ జాబితాలో లేరు. కానీ లేన్‌లో కారు ఆపి గంటసేపు వాదించేది ఎక్కువగా జాబితాలో లేనివారే. 20 కిలోమీటర్లలోపు నివసించేవారి సొంత వాహనాలకు నెలవారీ పాసు ఉంది, 2025–26లో దాని ధర 350 రూపాయలు. చుట్టుపక్కల ఊళ్లలో ముందే తిరిగి ఆ పాసులు ఎక్కువమందికి చేయించిన మేనేజరుకు గొడవలు సగం తగ్గుతాయి. చేరిన మొదటి నెలలో చేయాల్సిన పని ఇదే.

## కన్సెషన్ కంపెనీలో మేనేజర్

కన్సెషన్ అంటే రహదారిని దీర్ఘకాలం నడిపి రుసుము వసూలు చేసుకునే హక్కు. ఇక్కడ రహదారిని కట్టిన కంపెనీయో, ముందే పెద్ద మొత్తం చెల్లించి దీర్ఘకాలం వసూలు హక్కు కొనుక్కున్న కంపెనీయో మీ యజమాని. రెండో పద్ధతిలో మొదటి విడత రహదారులను 2018లో మెక్వారీ సంస్థ 9,681 కోట్ల రూపాయలకు 30 ఏళ్లపాటు దక్కించుకుంది. అందులో ఆంధ్రప్రదేశ్, గుజరాత్ రహదారులున్నాయి. ఎన్‌హెచ్‌ఏఐ నెలకొల్పిన నేషనల్ హైవేస్ ఇన్‌ఫ్రా ట్రస్ట్ 2021లో మొదట తీసుకున్న అయిదు రహదారుల్లో మన కొత్తకోట–కర్నూలు మార్గం ఒకటి. వీటన్నింటిలోనూ వాహనాలు తగ్గితే నష్టం కంపెనీదే, కానీ ఆ నష్టాన్ని వాళ్లు రోజుల్లో కాదు, ఏళ్లలో చూస్తారు. మీ మీద పడే ఒత్తిడి రంగు అక్కడే మారిపోతుంది.

ఏజెన్సీలో అడిగే ప్రశ్న నిన్నటి వసూలు ఎంత అని. ఇక్కడ అడిగేది నిన్నటి లెక్క రుజువు చేయగలరా అని. ఎందుకో జీఎంఆర్ కథే చెబుతుంది. రాష్ట్ర విభజన వల్ల, ఇసుక విధానాల మార్పుల వల్ల తమ రహదారి మీద వాహనాలు తగ్గాయని, పరిహారం ఇవ్వాలని ఆ సంస్థ ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తుల విచారణకు వెళ్లింది. అలాంటి వివాదంలో ఏ తరగతి లారీలు ఏ నెలలో ఎన్ని దాటాయన్న రికార్డే ప్రధాన సాక్ష్యం. ఆ రికార్డు పుట్టేది లేన్‌లో, వాహనం ఇరుసులను లెక్కపెట్టే యంత్రానికీ కలెక్టరు నొక్కిన తరగతికీ తేడా వచ్చినప్పుడు దాన్ని సరిచూసే మీ ఆడిట్ గదిలో. ఓపిగ్గా, రోజూ, ఎవరూ అడగకపోయినా ఆ తేడాలను సరిచేసే స్వభావం మీకుంటే ఈ కంపెనీల్లో మీరు వెలుగుతారు. వేగం, దూకుడు, అప్పటికప్పుడు పరిష్కారం మీ బలమైతే ఇక్కడ విసుగు పుడుతుంది.

చెడ్డ వైపు కూడా చూడాలి. రోడ్డు బాగోగులు కూడా కంపెనీవే కాబట్టి, గుంతకు మీరు బాధ్యులు కాకపోయినా తిట్లు మీ గేటు దగ్గరే పడతాయి. కేరళలో ఎడపల్లి–మన్నుత్తి మార్గం అధ్వానంగా ఉందని 2025 ఆగస్టులో హైకోర్టు పాలియెక్కర ప్లాజాలో వసూలునే నిలిపివేయించింది. సుప్రీంకోర్టుకు వెళ్లినా ఎన్‌హెచ్‌ఏఐకి ఊరట దొరకలేదు. వారాల తరబడి గేట్లు ఎత్తేసి ఉన్న ప్లాజాలో మేనేజరు పని ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే చేరేముందు ఆ రోడ్డు మీద రాత్రి పూట, వాన పడిన మర్నాడు కారులో ఒకసారి ప్రయాణించి చూడండి. నిర్వహణ విభాగం ఎంత బాగా పనిచేస్తోందో ముప్పావు గంటలో తెలిసిపోతుంది.

నిర్ణయాలు ముంబయిలోనో ఢిల్లీలోనో జరుగుతాయి. అధికారం తక్కువ, పద్ధతి ఎక్కువ. దానికి బదులుగా భవిష్య నిధి, ఆరోగ్య బీమా, సకాలంలో జీతం, ఒక ప్లాజా నుంచి ఇంకో ప్లాజాకు బదిలీ, ఆపై మొత్తం రహదారి వసూళ్ల బాధ్యత చూసే స్థాయికి ఎదిగే మెట్లు ఉంటాయి.

ఒప్పందంలో ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయో తప్పకుండా అడగండి. చివరి రెండేళ్లలో ఉన్న కన్సెషన్‌లో చేరితే మీరు నడిపేది ప్లాజాను కాదు, అప్పగింతను.

## హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు తరహా వ్యవస్థ

దీన్ని విడిగా ఎందుకు చూడాలంటే, ఇక్కడి పని స్వరూపమే వేరు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ పరిధిలోది. దాని వసూలు, నిర్వహణ హక్కును 2023లో ఐఆర్‌బీ సంస్థ 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. ఎక్కేచోట నమోదు, దిగేచోట దూరాన్ని బట్టి రుసుము. పటాన్‌చెరులో ఎక్కి శంషాబాద్‌లో దిగిన కారుకు ఒక లెక్క, నానక్‌రామ్‌గూడలో ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగిన కారుకు ఇంకో లెక్క.

కాబట్టి మేనేజరు చూసుకోవాల్సింది ఒక గేటును కాదు, ఒకదానితో ఒకటి ముడిపడిన గేట్ల గొలుసును. ఎక్కేచోట ఫాస్టాగ్ చదవకపోతే ఆ తప్పు దిగేచోట బయటపడుతుంది. గొడవ పడేది అక్కడి కలెక్టరు, తప్పు చేసింది 40 కిలోమీటర్ల అవతలి రీడరు. ఇక్కడ రాణించేది కంట్రోల్ రూము తెర ముందు కూర్చుని, ఏ ఇంటర్‌ఛేంజీలో ఏ తేడా పదేపదే వస్తోందో పట్టుకోగలిగిన మనిషి.

కొత్తగా వచ్చిన తలనొప్పి ఒకటుంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో అమల్లోకి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు, 200 ప్రయాణాలకో ఏడాదికో చెల్లేది, జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకు మాత్రమే వర్తిస్తుంది. ఔటర్ మీద మామూలు రుసుమే. పాసు కొనుక్కున్న ప్రయాణికుడికి ఈ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఖాతాలోంచి డబ్బు పోయిందని గేటు దగ్గర ఆగినవాడికి మర్యాదగా, అరనిమిషంలో విడమరిచి చెప్పగల సిబ్బందిని తయారుచేయడం మేనేజరు పని. పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక బోర్డు పెట్టినా చాలా ఉపయోగం.

కుటుంబం వైపునుంచి చూస్తే దీనికి సాటి లేదు. పిల్లల బడి, పెద్దల ఆసుపత్రి, జీవిత భాగస్వామి ఉద్యోగం అన్నీ నగరంలోనే. చిల్లకల్లులోనో పుల్లూరులోనో ప్లాజా క్వార్టర్సులో ఉండి నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్లే బతుకుతో దీన్ని పోల్చి చూడండి. ఆ తేడాకు విలువ కట్టుకున్నాకే జీతాల అంకెలు పక్కపక్కన పెట్టండి.

## గేటు లేని వసూలు, కంట్రోల్ కేంద్రం

ఎన్‌హెచ్‌ఏఐకి చెందిన రహదారి నిర్వహణ సంస్థ 2025 ఆగస్టులో గుజరాత్‌లోని చోర్యాసీ ప్లాజా కోసం ఐసీఐసీఐ బ్యాంకుతో ఒప్పందం చేసుకుంది. అక్కడ అడ్డుగేటు లేకుండా, వాహనం ఆగకుండా, ఫాస్టాగ్‌నూ నంబరు పలకనూ చదివి రుసుము తీసుకోవాలన్నది ఏర్పాటు. హరియాణాలోని ఘరౌండా కూడా అదే వరుసలో ఉంది. ఈ పద్ధతి విస్తరిస్తే నగదు పెట్టె, లేన్ సహాయకుడు, బారు అన్నీ పోతాయి. మిగిలేది చదవలేకపోయిన నంబరు పలకల చిత్రాలను మనిషి కంటితో సరిచూసే గది, కట్టనివారికి వెళ్లే నోటీసులు, బ్యాంకుతో రోజువారీ ఖాతాల సరిపోలిక.

మన దగ్గర ఈ పిలుపులు ఇంకా తక్కువ. వచ్చినా పదవి పేరు ప్లాజా మేనేజర్ అని ఉండదు. జీతం మొదట్లో తక్కువ చెప్పినా, 40 ఏళ్లలోపు వారు దీన్ని తేలిగ్గా వదులుకోవద్దంటాను.

## ఒక్కచోట పెట్టి చూస్తే

| ప్రశ్న | ఏజెన్సీ | కన్సెషన్ కంపెనీ | ఔటర్ తరహా | కంట్రోల్ కేంద్రం |
|---|---|---|---|---|
| వాహనాలు తగ్గితే నష్టం | ఏజెన్సీది, వెంటనే | కంపెనీది, ఏళ్లలో | కంపెనీది, ఏళ్లలో | ఒప్పందాన్ని బట్టి |
| ఒప్పందం గడువు | మూడు నెలలు లేదా ఏడాది | చాలా ఏళ్లు. మిగిలినది అడగాలి | 2023 నుంచి 30 ఏళ్లు | ఇంకా కుదురుకోవాలి |
| మనుషుల మీద అధికారం | ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ మంది, సాంకేతిక నిపుణులు |
| నగదు బాధ్యత | భారం | ఉంది, ఆడిట్ గట్టిది | ఉంది, అనేక చోట్ల | దాదాపు ఉండదు |
| కుటుంబం | దూరం | దూరం, బదిలీలు | నగరంలోనే | చోటును బట్టి |
| నేర్చుకునే వేగం | చాలా ఎక్కువ | నిదానం, లోతు | లెక్కల వైపు | సాంకేతికత వైపు |

ఎన్‌హెచ్‌ఏఐలోనే ఉద్యోగం చేయాలనుకునే ఇంజినీర్లు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. అక్కడ ప్లాజా మేనేజరు పదవి ఉండదు. ఇంజినీర్లు రాసే గేట్ (GATE) అర్హత పరీక్ష మార్కులతో డిప్యూటీ మేనేజరుగా చేరి, అనుభవంతో ప్రాజెక్టు డైరెక్టరు దాకా ఎదిగితే, ప్లాజాలు నడిపేవాళ్ల పనిని పరిశీలించే కుర్చీ దొరుకుతుంది. అది వేరే దారి, దానికి వయసు పరిమితి ఉంది. 20ల్లో ఉన్నవాళ్లు ముందు ఆ పరీక్ష రాయండి.

## ఎవరికి ఏది

ఎనిమిది పదేళ్లు లేన్‌లో, షిఫ్టులో గడిపి, డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో పెద్ద కంపెనీలు పక్కన పెడుతున్నవారికి ఏజెన్సీయే మేలు. రెండు ఒప్పందాలు, మచ్చ లేకుండా, ముగింపు లెక్కలన్నీ అప్పగించిన పత్రంతో సహా పూర్తి చేయండి. ఆ పత్రాల నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి. అవే మీ డిగ్రీ.

సైన్యం నుంచి వచ్చినవారిని ఏజెన్సీలు ఇష్టపడతాయి, క్రమశిక్షణ కోసం, గేటు దగ్గర ధైర్యం కోసం. నేనైతే వారిని కన్సెషన్ కంపెనీల వైపు చూడమంటాను. పింఛను వస్తోంది కాబట్టి కొద్దిగా తక్కువ జీతాన్ని భరించగలరు. లిఖిత పద్ధతి అలవాటే. పైనుంచి వచ్చే తప్పుడు ఆదేశానికీ సరైన ఆదేశానికీ తేడా రాతలో కనిపించే చోట వారు నిలబడగలరు. ఏజెన్సీలో అంతా నోటి మాట మీద నడుస్తుంది.

బ్యాంకు, ఆడిట్ నేపథ్యం ఉన్నవారికి ఔటర్ తరహా వ్యవస్థ, లేదా కంట్రోల్ కేంద్రం. ఫాస్టాగ్ వచ్చాక టోల్ అంటే సగం ఖాతాల సరిపోలికే. జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ లేనివాళ్లు యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు, నగదైతే రెట్టింపు అని 2025 నవంబరు 15న నిబంధన అమల్లోకి వచ్చింది. అంటే ఆ నిబంధన కింద వంద రూపాయల రుసుము ఉన్న గేటు దగ్గర ఒకే తరగతి కారుకు 100, 125, 200 అని మూడు అంకెలు. ఏ కారుకు ఏది, ఎందుకు అని షిఫ్ట్ చివర తేల్చడానికి లెక్క మీద ప్రేమ ఉన్నవాళ్లు కావాలి.

మహిళలు ఈ పదవికి ముందుకు రావడం చూస్తున్నాం, రావాలి కూడా. చేరేముందు అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. రాత్రి షిఫ్టుకు రవాణా ఎవరిది, క్వార్టర్సు ప్లాజాకు ఎంత దూరం, లేన్లలో మహిళా సిబ్బంది ఎంతమంది, వాళ్లకు మరుగుదొడ్డి ఏ వైపు ఉంది? చివరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు రోడ్డు దాటాలి అని. రాత్రి రెండింటికి లారీల మధ్య రోడ్డు దాటించే ప్లాజాలో, మేనేజరుగా మీరు చేరిన మొదటి వారం చేయించాల్సిన పని అదే అవుతుంది.

## సంతకానికి ముందు ఒక రాత్రి

పిలిచిన చోటికి పగలు ముఖాముఖికి వెళ్తారు. ఇంకోసారి, ఎవరికీ చెప్పకుండా, రాత్రి పదకొండు దాటాక వెళ్లండి. వీలైతే పండగ ముందు రోజు వెళ్లండి. ప్లాజా పక్కన టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చోండి. ఎన్ని లేన్లు మూసి ఉన్నాయో లెక్కపెట్టండి. కారు ఆగినప్పుడు కలెక్టరు ముందు మాట ఏమిటో వినండి. ఘర్షణ మొదలైతే ఎవరు నడిచి వస్తారో, ఒంటి మీద కెమెరా ఉందో లేదో చూడండి. అంబులెన్సు వస్తే దాని లేన్ ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో చూడండి.

తర్వాత ముఖాముఖిలో మూడు విషయాలు అడగండి. ఒప్పందం ముగిసే తేదీ ఏది. నిన్నటి షిఫ్ట్ ముగింపు కాగితం చూడొచ్చా. ఇంతకుముందు మేనేజరు ఎక్కడికి వెళ్లారు, ఆయన ఫోను నంబరు ఇస్తారా. మొదటి రెండింటికీ తడుముకోవచ్చు, కొత్తవాళ్లకు చూపించడం ఇష్టం లేదనుకోవచ్చు. మూడో ప్రశ్నకు గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరిస్తే, వచ్చిన దారినే బస్సెక్కి ఇంటికి వెళ్లిపోండి. నంబరిస్తే ఆ రాత్రే ఫోను చేయండి. ఎందుకు మానేశారని ఆయన్ని అడగవద్దు. కంట్రోల్ రూము తాళం ఎన్ని జతలు ఉండేవి, అవి ఎవరెవరి దగ్గర ఉండేవి అని అడగండి.